ఐలేశం దానమిచ్చిన రాళ్ళ చెల్క

ఐలేశం ఉత్తుత్తగా మాట ఇచ్చే మనిషి కాదు. భుజం మీది గొంగడి తీసి, దులిపి, మళ్ళీ కప్పుకుని, గొంతు సవరించుకుని, ఎదుటివాడి చెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకుని మరీ ఇచ్చేవాడు. పుచ్చుకున్నవాడికి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. వాడు ఇంటికి పోయి, నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడుక్కునేటప్పుడు గానీ ఆ చేతిలో ఏమీ లేదని తెలిసేది కాదు.

ఊరు మర్రిగూడకు రెండు కోసుల దూరం. అక్కడ నీళ్ళకు కరువు గానీ రాళ్ళకు కరువు లేదు. ఐలేశానికి ఆ ఊళ్ళో డెబ్భై గొర్రెలు, పదెకరాల మెట్ట చెల్క, సుక్కమ్మ అనే పెండ్లాం. ఈ మూడింట్లో ఆయన చెప్పినట్టు వినేవి గొర్రెలొక్కటే.

సుక్కమ్మ కాపురానికి వచ్చిన ఏడే చెరువుగట్టు జాతర చూపిస్తానని మాట ఇచ్చాడు. అప్పటినుంచి ముప్ఫై జాతరలు జరిగాయి. గట్టు కదలలేదు, గట్టు మీది దేవుడూ కదలలేదు, సుక్కమ్మా కదలలేదు. "ఏమయ్యో, గీ ఏడన్న పోదామా?" అంటే "ఎందుకు పోం? పోతం" అనేవాడు. ఎప్పుడని మాత్రం అడగకూడదు. అడిగితే మొగుణ్ణి అనుమానించినట్టు.

మనుషుల సంగతి సరే, దేవుళ్ళనైనా వదిలాడా అంటే అదీ లేదు. మొక్కుకున్న గొర్రెపోతుకు చెవి గంటు పెట్టడం గొల్లల ఆచారం. గంటు పడ్డ పోతును అమ్మకూడదు, ఇంట్లోకి కోసుకోకూడదు. అది దేవుడిది, మందలో తిరుగుతుందంతే. ఐలేశం మందలో ఒక నల్లపోతు ఉండేది. దాని చెవి చూస్తే కమ్మరి కొలిమి నుంచి అప్పుడే వచ్చిన రంపంలా ఉండేది. వాన పడాలని మల్లన్నకు ఒక గంటు, గొర్రెలకు రోగం తగ్గాలని గంగమ్మకు ఒకటి, తన మోకాళ్ళ నొప్పికి మైసమ్మకు ఒకటి, పోచమ్మకు ఎందుకో ఆయనకే గుర్తులేని ఒకటి. ఒక్క పోతు, నలుగురు దేవుళ్ళు. చివరికి ఆ పోతు చౌటుప్పల్ సంతలో పదిహేను రూపాయలకు పోయింది. తోడేలు ఎత్తుకుపోయిందని నలుగురు దేవుళ్ళకూ ఒకేసారి టెంకాయ కొట్టి చెప్పుకున్నాడు. ఒకే టెంకాయ.

"దేవుళ్ళన్న ఒకలతోని ఒకలు మాట్లాడుకోరా?" అంది సుక్కమ్మ.

"మాట్లాడుకుంటె మనకేంది? తోడేలునైతె అడగరు గద!" అన్నాడు ఐలేశం.

అటువంటి మనిషి రెండెకరాల భూమి దానం చేశాడంటే, అది ఎట్లా జరిగిందో చెప్పుకోవాల్సిందే.

పోలీసు చర్య జరిగి మూడేళ్ళు దాటిన కాలం. ఉన్నవాళ్ళు లేనివాళ్ళకు భూమి ఇవ్వండని పెద్దమనుషులు ఊరూరా నడుస్తున్నారు. ఒకనాడు ఆ ఊళ్ళోనూ సభ పెట్టారు. ఎవరో రెడ్డిగారు లేచి ఐదెకరాలు ఇస్తున్నానన్నారు. ఆయన మెడలో బంతిపూల దండ పడింది. జనం జేజేలు కొట్టారు. ఐలేశం ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. ఆ దండ వంకే చూస్తున్నాడు. ఆకలి మీదున్న మేక పచ్చటి కొమ్మను చూసినట్టు చూస్తున్నాడు. సుక్కమ్మ ఆడవాళ్ళ వైపునుంచి ఆ చూపు కనిపెట్టి, ఇక అయిపోయిందనుకుంది.

ఐలేశం లేచాడు. గొంగడి దులిపాడు.

"నేను రెండెకరాలు ఇస్తున్న!"

"ఎవరికిస్తావయ్యా?" అని అడిగారు పెద్దలు.

అంత దూరం ఆయన ఆలోచించలేదు. అటూ ఇటూ చూస్తే జనం వెనక, ఎండలో, కొంగు నెత్తిన వేసుకుని నిలబడ్డ గోవిందమ్మ కనబడింది. ఊరి అంచున వాడలో ఉండే మనిషి. గత్తర తగిలి మొగుడు పోయి ఏడాదైంది. చెయ్యి ముసలి అత్త భుజం మీద ఉంది.

"గా గోవిందమ్మకు! గుట్ట కింది రెండెకరాల చెల్క గామెకే!" అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లకు ఆయనకు ఇంకా ఊపొచ్చింది. సరాసరి ఆడవాళ్ళ మధ్యకు నడిచి, సుక్కమ్మ నెత్తిన చెయ్యి పెట్టాడు. "నా పెండ్లాం నెత్తి మీద ఒట్టు! ఇచ్చిన భూమి తిరిగి అడిగితే గీ నెత్తి వెయ్యి చెక్కలు కావాలె!"

మళ్ళీ చప్పట్లు. దండ పడింది. సుక్కమ్మ మాత్రం ఆ చెయ్యి కింద తల వంచుకుని ఒకటే అనుకుంది: దానం ఆయనది, దండ ఆయనకు, పగిలే నెత్తి మాత్రం నాదా!

కాగితం సంగతి పెద్దలు అడిగితే, "వచ్చే అమాస పోంగనే పట్వారి దగ్గర రాయిస్త" అన్నాడు. అమావాస్యలు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి.

ఇచ్చిన చెల్క ఎటువంటిదంటే, గొర్రె కూడా అందులో కాలు పెట్టేముందు ఒకసారి ఆలోచించేది. పిడికెడు మన్నుకు తట్టెడు రాళ్ళు. గోవిందమ్మ, ఆమె అత్త ఈదమ్మ ఐదేళ్ళు ఆ రాళ్ళు ఏరారు. కూలి లేని రోజు లేదు, కూలి నుంచి వచ్చి రాళ్ళు ఎత్తని రోజూ లేదు. ఎత్తిన రాళ్ళతో చుట్టూ నడుమెత్తు గోడ లేచింది. గోడ లేస్తున్నకొద్దీ నేల బయటపడింది. మూడో ఏడు ఆముదాలు వేశారు, సగం చచ్చాయి. నాలుగో ఏడు కందులు నిలబడ్డాయి. ఐదో ఏడు జొన్న మనిషెత్తు పెరిగి, కంకులు బరువుకు వంగితే ఊరంతా ఆ దారిన పోతూ ఆగి చూసింది. ఐలేశం కూడా ఆగి చూశాడు. కొంచెం ఎక్కువసేపే చూశాడు.

సుక్కమ్మ గొర్రెపిల్లలను మేపుకుంటూ ఆ గోడ దగ్గరికే వచ్చేది. గోడకు ఇవతల ఈమె, అవతల గోవిందమ్మ. గోవిందమ్మ చిన్నప్పుడు మిషన్ దొరసానుల దగ్గర అక్షరాలు నేర్చుకుంది. ఆమె ఇంట్లో గుడ్డ కుట్టిన అట్టతో ఒక బైబిలు ఉండేది. ఆదివారం వాడ వాళ్ళకు చదివి చెప్పేది, మిగతా రోజుల్లో సుక్కమ్మ అడిగితే అడిగింది చెప్పేది. సుక్కమ్మ భక్తితో అడిగేది కాదు. ఆమెకు ఎగతాళి చెయ్యడానికి ఏదో ఒకటి కావాలి. ఇంట్లో ఉన్నదాన్ని ఎన్నేళ్ళని ఎగతాళి చేస్తుంది?

ఒకసారి గుట్ట మీద సన్నటి తుప్పర పడి ఏడు రంగుల సింగిడి పొడిచింది. గోవిందమ్మ చెయ్యి ఎత్తి చూపించి, "గది దేవుడు పెట్టిన గుర్తు అక్కా. ఇంక ఎన్నడు లోకాన్ని వరదల ముంచనని మాట ఇచ్చిండు" అంది.

సుక్కమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "మంచిగిచ్చిండే మాట! మా ఊర్ల కోడిపిల్లను ముంచనీకి గూడ నీళ్ళు లెవ్వు, మమ్ముల వరదల ముంచడట! గదేదో నీళ్ళు ఉన్నోళ్ళకు చెప్పమను. మాకైతె జర వరదనే పంపమను, మునుగుడు తేలుడు మేం చూసుకుంటం."

గోవిందమ్మకూ నవ్వొచ్చింది. ఆమె దేవుణ్ణి అన్నారని ఏడ్చే రకం కాదు.

ఇంకోసారి అబ్రాహాము సంగతి వచ్చింది. గొర్రెలు కాసుకునే మనిషని చెప్పగానే సుక్కమ్మ చెవులు నిక్కబొడుచుకుంది. దేవుడు ఆయనకు కొడుకునిస్తానన్నాడు, దేశం దేశమే ఇస్తానన్నాడు.

"ఎన్నేండ్లకిచ్చిండు కొడుకును?"

"ఇరవయ్యైదేండ్లకు. అప్పటికి అబ్రాహాముకు నూరేండ్లు, శారాకు తొంభై. కొడుకు పుడుతడంటె శారా డేరా ఎనక నిలబడి నవ్వింది."

"నవ్వదా మరి! నేనైతె డేరా ముందటికొచ్చి నవ్వుదు. సరే, దేశమో?"

"ఆయన బతికున్నప్పుడు రాలేదక్కా. తర్వాత పిల్లల పిల్లలకు వచ్చింది."

"ఆయనకేం రాలేదా?"

"శారా చచ్చిపోతె పాతిపెట్టనీకి ఒక గుహ, దాని ముందటి చెల్క. గంతే. గది గూడ కొనుక్కున్నడు."

సుక్కమ్మ చేతిలోని కట్టె కింద పడేసింది. "ఓసి నీ దేవుడు పాడుగాను! దేశమంత ఇస్తనని చెప్పి, పెండ్లాన్ని పూడ్చే జాగ గూడ కొనుక్కోమన్నడా? గీయన మా ముసలోనికి సుట్టమే!"

ఈసారి గోవిందమ్మ నవ్వలేదు. చేతిలోని రాయిని గోడ మీద సరిగ్గా కూర్చునేలా రెండుసార్లు తిప్పి పెట్టింది. "కాదక్కా. ఆయన ఆలిశం చేస్తడు, మాట తప్పడు. గంతే ఫరకు. గా ఫరకు మీదనే నేను బతుకుతున్న."

ఆ ఏటి ఎండాకాలం మొదట్లో ఐలేశం ఇంట్లో అంబలి తాగుతూ, ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు: "గీ వాన కాలానికి గుట్ట కింది చెల్క మనమే దున్నుకుందం."

సుక్కమ్మ చేతిలో గంటె ఆగింది. "ఏ చెల్క?"

"మనదే. గోవిందమ్మ చేస్తున్నదే, గది."

"ఇచ్చినవ్ గద!"

"ఏమిచ్చిన? జర ఆలోచించు. నేనిచ్చిన నాడు ఆడ ఏమున్నయి? రాళ్ళు. రాళ్ళు తీసుకున్నది, గోడ కట్టుకున్నది. గా గోడ నేనడుగుతున్ననా? అడుగుత లేను. రాళ్ళు ఆమెయి. కింది భూమి నాది. ధర్మం ధర్మమే."

ముప్ఫై ఏళ్ళలో ఎన్ని మాటలు తప్పాడో సుక్కమ్మకు తెలుసు గానీ, ఇంత నున్నగా తప్పడం ఇదే మొదలు.

"మరి నా నెత్తి మీద ఒట్టు పెట్టినవ్. మర్సినవా?"

"గదా? గది ఎన్నడో తీసి గట్టు మీద పెట్టిన" అని మూతి తుడుచుకున్నాడు ఐలేశం. "నీకేం కాదు, ఫికర్ చెయ్యకు. నీ నెత్తి గట్టిది."

సుక్కమ్మ చదువుకున్న మనిషి కాదు. ఒట్టంటే ఒట్టే ఆమెకు. ఆ రోజంతా తల బరువెక్కినట్టే ఉంది. మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు ఒకసారి చేత్తో తడుముకుని చూసుకుంది కూడా. పగలలేదు. ఇంకా దున్నలేదు కదా, దున్నితే పగులుతుందేమో అనుకుంది. భయం కన్నా కోపం ఎక్కువ వచ్చింది. ఆయన మాట తప్పడానికి ఆయన తల ఉంది, నా తల ఎందుకు?

గోడ దగ్గరికి పోయి గోవిందమ్మకు సంగతంతా చెప్పింది. గోవిందమ్మ గోడ మీద కూలబడింది. ముసలి ఈదమ్మ దూరంగా కొయ్యకాళ్ళు పీకుతూ, ఏదో కూనిరాగం తీస్తోంది. ఆమెకు వినబడలేదు. వినబడకపోవడమే మేలనుకున్నారు ఇద్దరూ.

"కాగితం లేదక్కా" అంది గోవిందమ్మ. "పెద్దలు అడిగితె నేనేం చూపియ్యాలె? గీ చేతులా?"

ఆ చేతుల వంక సుక్కమ్మ ఎక్కువసేపు చూడలేకపోయింది. అందుకని ఎగతాళికి దిగింది. "నీ దేవున్ని అడుగు. నిన్ను ఇడిసిపెట్టనని మాట ఇచ్చిండంటివి గద! అబ్రాహాముకైతె పాతిపెట్టే జాగన్న దొరికె. గది గూడ ఎవడో ఉత్తగిస్తనన్నడా ఏంది?"

"అన్నడు." గోవిందమ్మ తల ఎత్తింది. "గా గుహ ఎఫ్రోననేటాయనది. ఊరి గవిని కాడ అందరు కూసున్నరు. అబ్రాహాము కొంటనంటె, ఎఫ్రోను 'ఛ ఛ, పైసలెందుకు, ఊకెనే తీసుకో' అన్నడు. అబ్రాహాము ఒప్పుకోలే. ఎంతో చెప్పు, ఇస్తనన్నడు. ఊరోళ్ళు ఇంటుండంగ, అందరి ముందల, వెండి తూచి ఇచ్చిండు."

"ఎందుకట్ల? ఊకొస్తుంటె?"

"ఊకిచ్చింది మల్ల ఊకనే అడుగుతరు గద అక్కా. తూచి పుచ్చుకున్నోడు నలుగుట్ల నాదనలేడు."

పక్కనే గొర్రెపిల్ల ఒకటి కొంగు నమిలేస్తున్నా సుక్కమ్మ చూసుకోలేదు. చాలాసేపు ఆ చెల్క వంక, ఆ తర్వాత కింద దిబ్బ దగ్గర నీడకు నిలబడ్డ తమ మంద వంక చూసింది.

"గోవిందీ, నీ చెల్కకు పెంట కావాలెనా?"

"కావాలె. ఎక్కడ తేను?"

"ఇంట్ల జొన్నలున్నయా? రెండు కుంచాలు?"

"ఉన్నయి. ఇత్తనాలు పోంగ తిననీకి పెట్టుకున్నయి."

"అయితె మా మందను అడుగు. మూడు రాత్రులు పండబెట్టమను. గింజలిస్తనను."

వాన కాలానికి ముందు గొల్లల మందకు పిలుపులొచ్చే రోజులవి. చెల్కగలవాడు వచ్చి పిలిస్తే గొల్ల తన మందను తీసుకుపోయి ఆ చెల్కలో రాత్రి పడుకోబెడతాడు. గొర్రెలు వేసిన పెంట, పోసిన ఉచ్చ చెల్కకు బలం. అందుకు గొల్లకు గింజలు ముడతాయి. ఆ గింజలు చావడి ముందు కొలుస్తారు. కొలిచే పెద్దమనిషి ఎవరి చెల్క, ఎవరి మంద, ఎన్ని రాత్రులు అని పైకి చెప్పి కొలవాలి. గొల్ల 'ముట్టింది' అనాలి. తాతల నాటినుంచి అంతే. కొలతలో తగాదాలు వస్తాయని పెట్టుకున్న ఆచారం.

గోవిందమ్మకు సంగతి అర్థమైంది. కానీ ముఖం ముడుచుకుంది. "మోసమనిపిస్తది అక్కా."

"ఏది మోసం? నీకు పెంట కావాలె, నిజం. గింజలిస్తవ్, నిజం. అందరి ముందల ఇస్తవ్, నిజం. ఇందుల అబద్ధం ఏదన్న ఉంటె గది మా ఇంటాయన తెచ్చుకునేదే. మనం మోసుకపోయేదేం లేదు."

గోవిందమ్మ రెండు రోజులు ఆలోచించింది. మూడోనాడు పొద్దున ఐలేశం ఇంటి ముందుకు వచ్చి, వాకిట్లో దూరంగా నిలబడి అడిగింది. "అన్నా, మీ మంద మూడు రాత్రులు కావాలె. రెండు కుంచాలిస్త."

మూడు రాత్రులకు కుంచెడే రివాజు. ఐలేశం ముఖం వెలిగిపోయింది. ఆ ఊరి నీళ్ళకు పచ్చబారిన పళ్ళన్నీ కనబడేటట్టు నవ్వి, సుక్కమ్మను లోపలికి పిలిచి గుసగుసగా అన్నాడు: "సూసినవా, నా చెల్కకు నా గొర్రెల పెంట. దానికి ఆమె జొన్నలు! దేవుడు ఇచ్చేటప్పుడు గిట్లిస్తడు."

"ఆమె చేతి గింజలు నీకు పనికొస్తయా?" అంది సుక్కమ్మ, ఏమీ ఎరగనట్టు.

వాడ వాళ్ళ ఇంట్లో నీళ్ళు కూడా ముట్టని మనిషి ఆయన. వండింది ముట్టడు, ఎండింది విడువడు.

"గింజలకేమైతదే? ఎండల ఎండినయే గద. మంచిగ కొలిపిచ్చుకుంట. చావడి కాడనే. రేపు ఇయ్యలేదని ఎవడనకుండ."

"మంచిది. నలుగురున్నప్పుడే కొలిపిచ్చుకో" అంది సుక్కమ్మ. గడప దాటి బయటికొచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

మూడు రాత్రులూ మంద ఆ చెల్కలో పడుకుంది. నాలుగోనాడు ఎండ ఎక్కకముందే చావడి దగ్గర జనం కూడారు. కొలిచే పెద్దమనిషి జానయ్య. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. మాట్లాడితే మాత్రం కుంచానికి గీత కొట్టినట్టు, ఎక్కువా తక్కువా ఉండదు. గోవిందమ్మ జొన్నల మూట దించి దూరంగా నిలబడింది.

జానయ్య కుంచం చేతిలోకి తీసుకున్నాడు. "గోవిందమ్మ చెల్క. ఐలేశం మంద. మూడు రాత్రులు" అని చెప్పి మొదలుపెట్టాడు. కొలతలో ఒకటి అనకుండా లాభం అనడం రివాజు. "లాభం... రెండు."

ఐలేశం గొంగడి పరిచి పట్టించుకున్నాడు. ఒక్క గింజ కూడా పోనివ్వలేదు. పడ్డ ఒకటి రెండు వేళ్ళతో ఏరుకున్నాడు.

"ముట్టిందా?" అన్నాడు జానయ్య.

"ముట్టింది! నిండుగ ముట్టింది!" అన్నాడు ఐలేశం, చావడి చివరి వరకూ వినబడేటట్టు. ఆయన అప్పుడు గోవిందమ్మ వంక చూసి జాలిగా నవ్వాడు. గోవిందమ్మ కళ్ళు మూసుకుని ఉంది. ఏదో చెప్పుకుంటోంది లోపల. ఇంట్లో మిగిలింది ఇక పది రోజుల గ్రాసం. సుక్కమ్మకు ఆ సంగతి తెలుసు. అందుకే తను నవ్వలేదు.

రోహిణి పోయి మృగశిర వచ్చింది. తొలి వాన పడ్డ మర్నాడే ఐలేశం నాగలి భుజాన వేసుకుని, ఎడ్లను తోలుకుని గుట్ట కిందికి పోయాడు. గోవిందమ్మ గోడ సందులో అడ్డం నిలబడింది. ఈదమ్మ నేల మీద కూర్చుని రెండు చేతులా మన్ను పట్టుకుంది. అరుపులకు ఊరు కదిలింది. సుక్కమ్మ అందరికన్నా ముందు పోయి జానయ్యను పిలుచుకొచ్చింది.

తగువు అక్కడే, గోడ మీద కూర్చుని విన్నారు.

ఐలేశం తన ధర్మం చెప్పాడు. రాళ్ళు ఆమెవి, భూమి తనది. కాగితం లేదు. కాగితం లేని దానం గాలి. ఐదేళ్ళు ఉత్తగా పండించుకున్నందుకు తాను కౌలడగలేదు. అదీ ఒక దానమే. అన్నీ చెప్పి గొంగడి దులుపుకున్నాడు. విన్నవాళ్ళలో ఒకరిద్దరు తల ఊపారు కూడా. అబద్ధం గట్టిగా చెబితే తల ఊపేవాళ్ళు ఏ ఊళ్ళోనైనా ఉంటారు.

జానయ్య నింపాదిగా అడిగాడు. "ఐలేశం, మొన్న నువ్వు మంద పండబెట్టింది ఎవరి చెల్కల?"

ఐలేశం వంగి ఎడ్ల పగ్గాలు సర్దాడు.

"రెండు కుంచాలు కొలిచింది నేనే. 'గోవిందమ్మ చెల్క' అని చెప్పిన. ముట్టిందన్నవ్. నిండుగ ముట్టిందన్నవ్. నీ చెల్కల నీ మంద పండబెట్టి ఇంకొకరి కాడ గింజలెట్ల తీసుకున్నవ్?"

"గదీ... ఆమె పిలిస్తె..."

"పిలిస్తె పోయినవ్. అంటె చెల్క ఆమెదని ఒప్పుకున్నట్టు. కాదంటవా? అయితె లేని హక్కు మీద గింజలు పట్టినట్టు. దొంగ గింజలు. దొంగ గింజలు పట్టిన గొల్ల మందను మన ఊర్ల ఎవడు పిలుస్తడు? చుట్టు ఊర్లల్ల ఎవడు పిలుస్తడు? రెండిట్ల ఒకటి చెప్పు. చెల్క ఆమెదా, నువ్వు దొంగవా?"

ఎద్దు ఒకటి తోక విసురుకుంది. ఐలేశం సుక్కమ్మ వంక చూశాడు. ఆ చూపులో 'ఏదన్నా చెప్పు' అని ఉంది. ముప్ఫై ఏళ్ళలో ఆమెను అట్లా అడగడం అదే మొదటిసారి.

సుక్కమ్మ చెప్పింది. "నేను చెప్పేదొకటే జానయ్య బావా. గీయన గీ భూమి తిరిగడగనని నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసిండు. మీరందరు చప్పట్లు కొట్టిండ్రు. నాగలి గీ చెల్కల దిగితె పగిలేది నా నెత్తి. గీయన గా ఒట్టు తీసి గట్టు మీద పెట్టిండట. ఏ గట్టు మీద పెట్టిండో చూపియ్యమను. నేనే పోయి తెచ్చుకుంట."

ఎవరో ఫక్కున నవ్వారు. ఒకరు నవ్వితే అందరూ నవ్వారు. నాగలి దగ్గర నిలబడ్డ ఐలేశం ముఖం చూసి, మొదట తల ఊపినవాళ్ళు అందరికన్నా గట్టిగా నవ్వారు.

ఐలేశం తెలివి తక్కువవాడు కాదు. మాట తప్పేవాళ్ళు తెలివి తక్కువవాళ్ళై ఉండరు. ఉంటే ఎక్కువ కాలం నడవదు. డెబ్భై గొర్రెలు, ఊరూరి చెల్కలు, కుంచాలకు కుంచాలు కళ్ళముందు తిరిగాయి. గొంగడి తీశాడు, దులిపాడు, కప్పుకున్నాడు.

"ఆమెదే!" అని గర్జించాడు. "ఎవడన్నడు కాదని? ఐలేశం ఇచ్చిన మాట తప్పుతడా? ఎడ్లను తోలుకొచ్చిన, నిజమే. ఎందుకు? పాపం ముండమోసింది, ఎడ్లు లెవ్వు, దున్ని పెడదామని!"

"అయితె దున్ను" అన్నాడు జానయ్య.

ఐలేశం దున్నాడు. ఎండలో, ఊరంతా గోడ మీద కూర్చుని చూస్తుండగా, రెండెకరాలూ దున్నాడు. పొద్దువాలే లోపల జానయ్య పట్వారిని అక్కడికే పిలిపించి, మట్టి చేతులు కడుక్కోకముందే కాగితం మీద వేలిముద్ర వేయించాడు.

వారం తర్వాత జొన్న మొలకలు వరసలుగా పైకి వచ్చాయి. సుక్కమ్మ గొర్రెపిల్లలను తోలుకుని గోడ దగ్గరికి వచ్చింది. గోవిందమ్మ కలుపు తీస్తోంది. పది రోజుల గ్రాసం అయిపోయి, నాలుగు రోజులుగా అత్తాకోడళ్ళు తుమ్మికూర ఉడకేసుకు తింటున్నారు. ముఖం పీక్కుపోయింది గానీ కళ్ళు మాత్రం పండగలా ఉన్నాయి.

"మొన్న ఆదివారం మీ వాడల పాటలు మా ఇంటి దాక ఇనవడ్డయి" అంది సుక్కమ్మ. కొంగులోంచి జొన్నల మూట తీసి, ఎవరిదో అడగకుండా గోడ మీద పెట్టింది. "దేవుడు మాట నిలుపుకున్నడని పాడుతున్నరు. ఏం నిలుపుకున్నడే? నిలిపింది నా గొర్రెలు. పెంటలేసి నిలిపినయి. పాటల వాటి పేరే లేదు."

"గొర్రెలెవరియి అక్కా?"

"మా ముసలోనియి."

"గింజలకు గొంగడి పట్టిందెవరు?"

"ఆయనే."

"చెల్క దున్నిందెవరు?"

సుక్కమ్మ ఆ సాళ్ళ వంక చూసింది. తిన్నగా ఉన్నాయి. ఐలేశం దున్నడంలో పనిమంతుడే. "ఓసి ఓసి" అంది చివరికి. "మాట మీద నిలవడేటోడు ఊర్ల ఒక్కడు దొరకలేదని, మాట తప్పేటోని మెడ మీదనే కాడి పెట్టిండంటవా?"

"నేనేమనలేదక్కా. నువ్వే అంటున్నవ్."

"గదైతె మనిషితోని అయ్యేది కాదు" అని ఒప్పుకుంది సుక్కమ్మ. "ముప్ఫై ఏండ్ల సంది చూస్తున్న. నాతోని కాలేదు."

ఇంతలో బాట మీద మాటలు వినబడ్డాయి. ఐలేశం ఎవరో పొరుగూరి మనిషిని వెంటబెట్టుకుని వస్తున్నాడు. గోడ దగ్గర ఆగి, చెయ్యి చాచి, చెల్కంతా చూపిస్తున్నాడు. "గీ రెండెకరాలున్నయి చూసినవా? నాదే. ఉత్త పుణ్యానికి ఇచ్చిన. ఇచ్చుడే కాదు, నా ఎడ్లతోని దున్ని పెట్టిన. మాటంటె మాటే మనది."

గోవిందమ్మ కొంగుతో నోరు మూసుకుంది. "చెప్పుకోనీ అక్కా."

"చెప్పుకోనీ ఏంది? చెప్పాలె!" సుక్కమ్మ గోడ మీదికి ఎక్కి, నడుం మీద చెయ్యి పెట్టుకుని కేకేసింది. "ఏమయ్యో! సప్పుడు సాలుత లేదు. ఇంక జర గట్టిగ చెప్పు, గా కల్లు దుకాణం కాడోళ్ళకు ఇనవడుత లేదు!"

ఐలేశం సంతోషంగా గొంతు పెంచాడు.